కోఠీ గోడ వెనుక అమ్మమ్మ, మనవరాలు

పెళ్ళి బట్టలకనో, పిల్లల పుస్తకాలకనో కోఠీ వెళ్ళని వాళ్ళు మన బడంగ్‌పేటలో ఎవరున్నారు చెప్పండి! మీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ దాటితే వచ్చేసినట్టే. ఆ బేరాల హడావుడిలో పక్కనున్న మహిళా కాలేజీ గోడ వెనుక ఏముందో చూసే తీరిక మనకెక్కడిది? ఈసారి తప్పక చూసి రండి. (ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. గేటు దగ్గర అడిగి వెళ్ళాలి.)

ఎత్తైన స్తంభాలు, మెట్లకు రెండు పక్కలా సింహాలు ఉన్న ఆ మేడ ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. కట్టించింది నిజాం దర్బారులో ఇంగ్లీషువాళ్ళ ప్రతినిధి కిర్క్‌పాట్రిక్. ఈ దొర హైదరాబాదు పెద్దింటి పిల్ల ఖైరున్నీసాను పెళ్ళాడాడు. ఘోషా వల్ల ఆమె మేడ ముందుకు రాకూడదు. అందుకని అది ఎలా ఉందో చూపించడానికి జనానా తోటలో అచ్చం అలాంటిదే చిన్న బొమ్మరిల్లు కట్టించాడని చెబుతారు. జనానాను 1860లో కూల్చేశారు. బొమ్మరిల్లు ఇంకా ఉంది. నాకు మేడకన్నా అదే నచ్చింది.

అసలు కథ వాళ్ళ పిల్లలది. 1805లో కొడుకును, కూతురు నూరున్నీసాను ఓడెక్కించి ఇంగ్లండు పంపేశారు. పాపకు మూడేళ్ళు. గోరుముద్దలు తినిపించే వయసు కదండీ! ఆ ఏడు అక్టోబరులోనే తండ్రి కలకత్తాలో పోయాడు. తల్లి 1813లో కన్నుమూసింది, బిడ్డల్ని మళ్ళీ చూడనేలేదు.

అక్కడ నూరున్నీసా కిట్టీ అయింది. అయినా మరిచిపోలేదు. ఓడెక్కేముందు మద్రాసులో చిన్నరీ అనే చిత్రకారుడు అన్నాచెల్లెళ్ళను హైదరాబాదు దుస్తుల్లో గీశాడు. పెద్దయ్యాక ఒకరింట్లో ఆ బొమ్మ కనబడితే కిట్టీ అక్కడే భోరుమందట.

నలభై ఏళ్ళు దగ్గరపడుతుండగా, 1841లో, అమ్మమ్మ షరఫున్నీసాతో ఉత్తరాలు మొదలయ్యాయి. మనవరాలు ఇంగ్లీషులో రాసేది, అమ్మమ్మ పారసీలో చెప్పి రాయించేది. ఒకరి మాట ఒకరికి తెలియాలంటే మధ్యలో తర్జుమా చేసేవాళ్ళు ఉండాలి. అయితేనేం, కన్నతల్లి గురించి చెప్పడానికి అంతకన్నా దగ్గరి మనిషి ఎవరుంటారు? మన ఇళ్ళల్లో తద్దినం నాడు అయ్యగారు అడిగితే ముత్తాత పేరు ఠక్కున చెబుతాం, ఆయన భార్య పేరు దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. ఈవిడ సముద్రం అవతల నుంచి అడిగి తెలుసుకుంది.

1847లో అమ్మమ్మ పోయింది. కిట్టీ 1889 దాకా బతికింది, హైదరాబాదు మాత్రం మళ్ళీ రాలేదు.