ఇరవై రూపాయల చేప

పెంపుడు చేపలు అమ్మే దుకాణం ముందు ఆగి చూడని పిల్లలు ఉండరు. అక్కడ అన్నిటికన్నా చవకగా దొరికే వాటిలో ఒకటి బంగారు చేప, అంటే గోల్డ్‌ఫిష్. ఇరవై రూపాయలిస్తే ఒక చిన్న చేపను నీళ్ల సంచిలో వేసి ఇస్తారు. చాలా ఇళ్లలో అది నెల రోజులైనా బతకదు. "చవక చేప గదా, అంతే!" అంటారు పెద్దలు. ఆ మాట మీరు నమ్మకండి.

బంగారు చేప మన బొచ్చె, రవ్వ చేపల కుటుంబానికి చెందినదే. సుమారు వెయ్యి సంవత్సరాల క్రితం చైనావాళ్లు దీన్ని పెంచసాగారు. సరిగా చూసుకుంటే ఇది పదేళ్లకు పైగా బతుకుతుంది, జానెడు పెరుగుతుంది. ఇంగ్లండులో 1956లో ఒక సంతలో ఆట గెలిచిన కుర్రవాడికి ఇలాంటి చేప బహుమానంగా దొరికింది. దాని పేరు టిష్. అది 1999 దాకా, అంటే 43 ఏళ్లు బతికింది!

మరి మన ఇళ్లలో ఎందుకు చస్తుంది? చేపకు ఇల్లూ, గాలీ, మరుగుదొడ్డీ అన్నీ ఆ నీళ్లే. దాని మొప్పల నుంచి అమోనియా అనే విషం ఎప్పుడూ వెలువడుతూ ఉంటుంది. చెరువులో అయితే అది చెదిరిపోతుంది. గాజు గిన్నెలో అది ఎక్కడికి పోతుంది? గులకరాళ్లనూ, వడపోత స్పాంజినీ పట్టుకుని కంటికి కనపడని బాక్టీరియా పెరుగుతుంది. అందులో ఒక రకం అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇదీ విషమే. మరొక రకం దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కాని ఈ బాక్టీరియా చాలినంత పెరగటానికి నాలుగైదు వారాలు పడుతుంది. చేపలు ఎక్కువగా చచ్చేది ఆ వారాలలోనే.

మా దౌల్తాబాదులో పొరుగింటి పాపకు వాళ్ల నాన్న తాండూరు నుంచి రెండు బంగారు చేపలు తెచ్చాడు. తొమ్మిదోనాడు ఒకటి చచ్చిపోయింది. రెండోదాని ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లని చుక్కలు లేచాయి. పాప ఏడుపు చూసి వాళ్ల నాన్న, "ఇరవై రూపాయల చేపకు ఏడుస్తవేంది బిడ్డా? ఆదివారం ఇంకోటి తెస్త తియ్యి!" అన్నాడు.

పాప నా దగ్గరికి వచ్చి, "తాతా, ఇంకోటి తెస్తే ఇది బతుకుతదా?" అని అడిగింది.

"బతకదు బిడ్డా. ఆ నీళ్లల్ల ఏస్తే వచ్చేది గూడ బతకదు. ముందు నీళ్లకు వైద్యం చేద్దాం పా," అన్నాను.

చేప ఉన్న గిన్నెలో నాలుగు లీటర్లయినా పట్టవు. నలభై లీటర్ల వెడల్పాటి తొట్టి ఒకటి కడిగి నీడలో పెట్టాం. మాది బోరునీరు, అందులో ప్రాణవాయువు తక్కువ. అందుచేత ఒక రోజు నిలవ ఉంచి, చెంబుతో ఎత్తి ఎత్తి పోశాం. మీ ఇంట్లో కుళాయి నీరైతే, క్లోరిన్ పోవటానికి కూడా ఒక రోజు మూత లేకుండా ఉంచాలి. కాచిన గిన్నెలో తెల్లగా పొర కట్టే కఠినజలమైనా బంగారు చేపకు భయం లేదు.

ఆ తెల్లచుక్కలలో ఉండేది ఒక పరాన్నజీవి. చర్మంలో ఉన్నంతసేపు దానికి మందు తగలదు. ఎదిగాక అది రాలి, అడుగుకు చేరి, వందలకొద్దీ పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు ఈదుతూ చేపను వెతుక్కుంటాయి. ఉప్పుకు దొరికేది అప్పుడే. లీటరుకు 2 గ్రాముల చొప్పున 80 గ్రాముల కల్లుప్పు పాప తూచి తెచ్చింది. దాన్ని విడిగా కరిగించి, ఒక రోజంతా కొంచెం కొంచెంగా కలిపాం. రోజూ అడుగునున్న మురికితో సహా పావువంతు నీరు గొట్టంతో లాగేసి, అంతే ఉప్పదనం గల నీరు పోశాం. పదిరోజులకు చుక్కలు పోయాయి. అయినా ఇంకొక వారం మానలేదు. చేప బతికింది.

మేత విషయంలో దయ చూపకండి. రెండు నిమిషాలలో తినగలిగినంతే వెయ్యాలి. మిగిలిన మేత కుళ్లి మళ్లీ అమోనియా అవుతుంది. ఎండాకాలం మరీ జాగ్రత్త: 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజను పడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడుతుంది. ఫైటర్ చేప మన కొర్రమీను లాగా పైకి వచ్చి గాలి పీలుస్తుంది గనక సీసాలో పెట్టి అమ్ముతారు. కాని గాలి పీల్చినా అమోనియా దాన్నీ వదలదు.

పెంచటం విసుగనిపిస్తే చేపను చెరువులో మాత్రం వదలకండి. తొట్టి శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప అలాగే బయటపడి, ఆంధ్ర, తెలంగాణ నీళ్లలో పెరిగి జాలర్ల వలలు చింపుతున్నది. తాండూరు దగ్గర పారే కాగ్నా భీమాలో కలుస్తుంది, భీమా కృష్ణలో కలుస్తుంది. ఇక్కడ వదిలినది ఎంత దూరమైనా పోవచ్చు. దానికన్నా, పెంచగలిగే స్నేహితుడికి ఇవ్వండి.

కొత్తగా చేపను తెచ్చుకోవాలని ఉన్నదా? ముందు తొట్టి తెచ్చి, నీరు పోసి, వడపోత నడపండి. చేపలు ఆరోగ్యంగా ఉన్న స్నేహితుడి తొట్టి నుంచి వాడిన స్పాంజి ముక్క ఒకటి తెచ్చి అందులో వేస్తే బాక్టీరియా త్వరగా అందుకుంటుంది. ఆ తరవాత ఒక్క చేపను తెచ్చుకోండి. అది నెల రోజులు హాయిగా ఉంటే, రెండోదాని సంగతి అప్పుడు చూడవచ్చు.