నడిగోదావరిలో నీలిచుక్క

రాజమహేంద్రవరం నుంచి నరసాపురానికి మా సెల్‌ఫోనులోని గూగుల్ మ్యాప్సు రెండు దారులు చూపించింది. ఒకటి చించినాడ వంతెన మీదుగా. రెండవది సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ దాటి. నిశ్చింతగా పోవాలంటే వంతెనే మేలు. కాని మా అత్తగారు, "నేను కాపరానికి వెళ్ళింది రేవు దాటే, నాయనా! ఇప్పుడూ అలాగే వెళదాం" అన్నారు. ఇక మ్యాపు మాట వినేదెవరు?

ధవళేశ్వరం బ్యారేజి మీదుగా బొబ్బర్లంక చేరి, ఆత్రేయపురంలో ఆగాము. ఇక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకామె బోర్లించిన కుండమీద, పల్చని పిండిలో ముంచిన గుడ్డ పరిచి లాగుతున్నది. రేకు పొగలా లేచివస్తున్నది. నేను ఫోనుతో డబ్బు పంపగానే, పక్కనున్న చిన్న పెట్టె, "మూడు వందల రూపాయలు అందాయి" అని తెలుగులో పలికింది. ఆమె తల ఎత్తలేదు.

"లోగడ ఫోను తీసి చూసుకోవాలంటే చేతులు కడుక్కోవాలండి. ఈలోగా రేకు మాడేది" అన్నదామె.

ఆ పెట్టెలోకి డబ్బు వచ్చేది ఏమీ లేదు, వార్త మాత్రమే వస్తుంది. దానికీ ఒక సిమ్ కార్డు వుంటుంది. సొమ్ము ఖాతాలో పడ్డదని ఎక్కడో వున్న కంప్యూటరు చెపితే, అది పైకి అంటుంది. కట్టినట్టు దొంగబొమ్మ చూపించి జారుకునే పెద్దమనుషులు కూడా వున్నారట. వాళ్ళ ఫోనులోని బొమ్మకు ఈ పెట్టె నోరు విప్పదు.

రావులపాలెం దాటుతూండగా అత్తగారికి కరెంటు బిల్లు జ్ఞాపకం వచ్చింది. 2025 జనవరిలో రాష్ట్రప్రభుత్వం వాట్సాపులో "మన మిత్ర" అని 161 సేవలతో ప్రారంభించింది కదా. మా ఆవిడ అందులోనే బిల్లు కట్టేసింది. అరటిగెలల లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయేలోగా ఆ పని అయిపోయింది.

పి.గన్నవరం దగ్గర వైనతేయ దాటి రాజోలు చేరాక, నరసాపురంలో వున్న మా మరదలు ఫోను చేసింది, ఎక్కడున్నారని. మాటిమాటికీ చెప్పడమెందుకని వాట్సాపులో "లైవ్ లొకేషన్" పంపాను. మనం కదులుతూంటే అవతలివారి ఫోనులో మన చుక్కా కదులుతుంది. పావుగంట, గంట, ఎనిమిది గంటలు: ఈ మూడే గడువులు. రాజోలు నుంచి నరసాపురం ఎంత దూరం గనుక! గంట చాలుననుకున్నాను.

రేవుకు వెళ్ళేసరికి పంటు ఆవలి ఒడ్డున వున్నది. అది రావాలి, మోటారు సైకిళ్ళు దిగాలి, మా కారు ఎక్కాలి. బయలుదేరాక గాలికోసం దిగి కమ్మీల దగ్గర నిలుచున్నాము. ఫోను కారులోనే చార్జింగుకు వదిలేశాను. అత్తగారు తమ పెళ్ళినాటి పడవ సంగతులు చెపుతూంటే, ఇంజను మోతలో సగమే వినిపించాయి.

అవతల మా మరదలు చుక్కనే చూస్తున్నది. చుక్క ఒడ్డు వదిలింది, నీళ్ళలోకి వచ్చింది. సరిగ్గా నడిగోదావరిలో వుండగా, లైవ్ లొకేషన్ ముగిసిందని కనిపించింది! ఆరుసార్లు ఫోను చేసిందట, పలికేవాళ్ళు లేరు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు, ఆ సాయంత్రం ఈ జిల్లాల్లో ఎన్ని ఇళ్ళు ఫోనులు పట్టుకు కూర్చున్నాయో మరచిపోయేవాళ్ళెవరు? పొయ్యిమీది కూర అలాగే వదిలి రేవుకు పరుగెత్తింది.

పంటు ఒడ్డుకు తగిలేసరికి, కళ్ళనిండా నీళ్ళతో నిలబడివున్నది. తల్లిని చూసి చూడగానే ఏడుపు కోపంగా మారింది.

"మీకు ఫోనెందుకు బావగారూ? గాలానికి కట్టి చేపలు పట్టుకోవడానికా?"

నేనేమంటాను? గడువు పెట్టింది నేనే. మన జాడ మనకు తెలియకుండా ఎల్లకాలం ఇంకొకరికి అందకూడదనే ఆ యేర్పాటు, మంచిదే. కాని నదిమధ్యలో "ముగిసింది" అనే మాట మాత్రం బాగాలేదు.

రెండు రోజుల తర్వాత తిరుగు ప్రయాణంనాడు, మా మరదలు నా ఫోను లాక్కుని తనే ఎనిమిది గంటలు నొక్కి, నా చొక్కా జేబులో పెట్టింది.

"వంతెనమీదుగా వెళ్ళండి బావగారూ" అన్నది.

అత్తగారు అప్పటికే కారులో కూర్చుని, డ్రైవరుకు రేవుదారి చూపిస్తున్నారు.