నాన్నగారి హెర్క్యులిస్

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు పశువుల కొట్టంలో, గడ్డిమోపుల వెనుక, నాన్నగారి సైకిలు కనబడింది. హెర్క్యులిస్. 1949లో మద్రాసులో నెలకొన్న టీఐ సైకిల్స్ వారిది. కడ్డీ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు. పంచాయతీవారి పన్ను బిళ్ళ ఇంకా వేలాడుతూనే ఉంది. పాత ఇనుముకు వేసేద్దామంది అమ్మ. నాకు మనసొప్పలేదు.

పోయే ముందు సంవత్సరం నాన్నగారు, "దీన్ని కాస్త బాగుచేయించరా" అని అడిగారు. "ఎందుకు నాన్నగారూ, కొత్తది కొంటాను" అన్నాను. ఆయన మరి అడుగలేదు. కొత్తదీ రాలేదు.

మరలన్నిటికీ కిరసనాయిలు పోసి ఒక రాత్రి నాననిచ్చాను. తెల్లవారి ఎడమ పెడలు విప్పబోతే ఎంత బలం పెట్టినా కదలదు. సైకిలు షాపు తాత చూసి నవ్వాడు.

"విప్పడం లేదు బాబూ, ఇంకా బిగిస్తున్నావు. ఎడమ పెడలుకు మర ఎదురుగా ఉంటుంది."

తొక్కుతూ ఉండగా వదులై ఊడిపోకుండా ఆ ఏర్పాటు. నలభై ఏళ్ళు చూసిన సైకిలు, ఆ సంగతే తెలియదు నాకు.

వెనుక రిమ్మును తుప్పు తినేసింది, కొత్తది వేయించాను. హబ్బులు కడిగి, కొత్త బాల్సు వేసి, గ్రీజు పెట్టాడు తాత. ఫ్రేముకు రంగు వేయమంటాడు. అడ్డకడ్డీ మీద, చిన్నప్పుడు నన్ను కూర్చోబెట్టుకున్న చోట, రంగు అరిగిపోయి ఉంది. వద్దన్నాను. నూనెగుడ్డతో తుడిచి వదిలేశాను.

సాయంత్రం చెరువుగట్టు దాకా వెళ్ళి, వీధి మలుపులో గంట కొట్టుకుంటూ వచ్చాను. అమ్మ అరుగు మీద చెంబుతో నిలబడి ఉంది.

"గంట వినబడితే, కాళ్ళకు నీళ్ళు తెచ్చానురా" అంది.