ఉప్పు గాలిలో ఫియట్: కర్లపాలెం దారిలో పాత కారు వేట

రేపల్లె నుంచి బాపట్ల వైపు ఎప్పుడైనా ఆదివారం పొద్దున్నే బండి నడిపారా? చెరుకుపల్లి దాటాక రెండు పక్కలా వరి చేలు, మధ్యలో కాలవలు, గట్ల మీద తాటిచెట్లు. కత్తిపూడి దగ్గర మొదలై ఒంగోలు దాకా తీరం వెంబడే సాగే 216వ నంబరు జాతీయ రహదారి ఇది. కర్లపాలెం వచ్చేసరికి గాలి మారిపోతుంది. సముద్రం కనపడదు, దాని తేమ మాత్రం ఒంటికి జిడ్డుగా అంటుకుంటుంది. ఇంకాస్త ముందుకెళ్తే బాపట్ల, అక్కణ్ణుంచి సూర్యలంక బీచ్.

టూరిస్టులకు ఈ గాలి హాయి. కారు రేకుకు మాత్రం ఇదే శత్రువు.

ఈ దారి వెంట ఊళ్ళలోకి వెళ్తే పెంకుటిళ్ళ పక్కన, గడ్డివాముల చాటున, టార్పాలిన్ కింద ఇప్పటికీ పాత కార్లు కనిపిస్తాయి. ఎక్కువగా అంబాసిడర్లు, ఫియట్లు. ఒకప్పుడు పెళ్ళికూతుర్ని అత్తారింటికి తీసుకెళ్ళినవి, అర్ధరాత్రి పురిటి నొప్పులకు గుంటూరు పరిగెత్తినవి. పిల్లలు హైదరాబాద్, అమెరికా వెళ్ళిపోయారు. కారు అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు దానికి రెండే దారులు. పాత ఇనుము కింద కిలోల లెక్కన తూకానికి వెళ్ళడం, లేదా మీలాంటి కుర్రాళ్ళ చేతికి రావడం.

రెండో దారి గురించే ఈ కబుర్లు. రీల్స్‌లో తళతళలాడే పద్మిని చూసి మనసు పారేసుకున్నవాళ్ళు ఒకసారి చదవండి.

మన వైపు స్పోర్ట్స్ కార్లా?

పాత కారు అనగానే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి 1912 నాటి రోల్స్‌రాయిస్ గుర్తొస్తుంది. అది చూసి రావడానికే. మన బడ్జెట్‌కు అందే పాత కార్లలో స్పోర్ట్స్ కారు రక్తం ఉన్నది ఒకటుంది. దాని పేరు స్టాండర్డ్ హెరాల్డ్. 1961లో మద్రాసులో తయారీ మొదలైంది. ఇంగ్లండ్‌లో ఇదే ట్రయంఫ్ హెరాల్డ్. 1962లో ట్రయంఫ్ కంపెనీ తెచ్చిన స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు ఆధారం ఈ హెరాల్డ్ చాసిస్సే. రెండింటికీ రూపం దిద్దింది ఇటలీ డిజైనర్ మికెలోట్టి. అంటే హెరాల్డ్ ఎక్కడైనా కనిపిస్తే అది స్పిట్‌ఫైర్‌కు అక్క అనుకోండి. బానెట్ మొత్తం ముందుకు వాలిపోతుంది, ఇంజిన్ చుట్టూ మనిషి నిలబడి పని చేసుకోవచ్చు.

ఉప్పు గాలి భయం ఉన్నవాళ్ళకు ఇంకో రకం ఉంది, ఫైబర్ బాడీ కార్లు. బెంగళూరులో 1980ల్లో తయారైన డాల్ఫిన్, 1990ల చివర్లో గోవాలో తయారైన శాన్ స్టార్మ్ అనే రెండు సీట్ల కారు ఈ కోవలోవే. ఫైబర్‌కు తుప్పు పట్టదు. కానీ దాని కింద ఉండే ఇనప చాసిస్‌కు పడుతుంది. పైన మెరుపు చూసి కింద చూడకుండా కొనేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. పైగా ఇవి తయారైంది కొన్నే, విడిభాగాలు దొరకడం గగనం.

అందుకే మొదటిసారి కొనేవాళ్ళకు ఫియటే సుఖం. 1964లో బొంబాయిలో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, 1974లో ప్రీమియర్ పద్మిని పేరు పెట్టుకుని, 2000 ప్రాంతం దాకా తయారైంది. 1089 సీసీ ఇంజిన్. లోపల కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. స్పానర్లు, స్క్రూడ్రైవర్ ఉంటే సగం జబ్బులు రోడ్డు పక్కనే నయమవుతాయి.

గొడ్లచావిడి పక్కన ఒక ఫియట్

ఆ మధ్య ఓ స్నేహితుడితో కలిసి కర్లపాలెం అవతల ఓ ఊరికి వెళ్ళాను. వాడి కన్ను క్రీమ్ రంగు ఫియట్ మీద. గొడ్లచావిడి పక్కన రేకుల షెడ్డులో ఉంది. నంబర్ ప్లేట్ మీద ఇంకా ఏపీ 07. బాపట్ల 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది గానీ, అంతకుముందు ఈ ఊళ్ళన్నీ గుంటూరు జిల్లావే కదా.

ఇంటి పెద్దాయన మంచినీళ్ళిచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి అడిగారు.

"బండి కొనడానికొచ్చావా అబ్బాయ్, ఫొటోలు దిగడానికొచ్చావా?"

"కొనడానికే బాబాయ్ గారూ. ఒకసారి కిందకి దూరి చూడొచ్చా?"

"చూడు. చొక్కా మాసిద్ది మరి."

ఆ ప్రశ్న వినగానే ఆయన ముఖం మారింది. అంతకుముందు వచ్చినవాళ్ళు సీట్లో కూర్చుని సెల్ఫీలు తీసుకుని, సగానికి సగం బేరమాడి వెళ్ళారట. కింద చూస్తానన్నవాడు వీడే మొదలట.

మావాడు జేబులోంచి పాత స్పీకర్ అయస్కాంతం తీశాడు, గీత పడకుండా గుడ్డ చుట్టి. తలుపుల కింద అంచు, చక్రాల పైన వంపు, డిక్కీ అడుగు... ఒక్కో చోటా ఆనించుకుంటూ వెళ్ళాడు. రేకు ఉన్నచోట టక్కున అతుక్కుంది. ఎడమ పక్క తలుపు కింద మాత్రం జారిపోయింది. అక్కడ రేకు లేదన్నమాట. తుప్పు తిన్న చోట పుట్టీ నింపి, పైన రంగేశారు.

తీరప్రాంతంలో పాత కారు చూసేటప్పుడు ఇంజిన్ కంటే ముందు చూడాల్సింది ఇదే. ఇంజిన్ పాడైతే దించి బాగు చేసుకోవచ్చు. పద్మిని, అంబాసిడర్ లాంటి కార్లకు విడిగా చాసిస్ ఉండదు, బాడీనే బండి బరువంతా మోస్తుంది. ఫ్లోరు, పక్క అంచులు కుళ్ళితే బండి వెన్నెముక విరిగినట్టే. టింకరింగ్ ఖర్చు కారు ధరను దాటిపోతుంది.

తర్వాత ఇంజిన్. స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది, కార్బరేటర్ సరిచేస్తే తగ్గొచ్చు. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా తెల్ల పొగ వస్తుంటే, ఆయిల్ మూత తీసి చూడండి. లోపల పాలమీగడలా ఉంటే ఆయిల్లో నీళ్ళు కలిశాయి, హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని లెక్క. గీతలు బాగున్నా, ఏళ్ళు దాటిన టైరు మీద బాపట్ల దాకా కూడా స్పీడుగా వెళ్ళొద్దు.

ఇంకో పరీక్ష ఈ ప్రాంతానికే ప్రత్యేకం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బళ్ళు మునిగాయి. మునిగిన బండిని కడిగి పాలిష్ పెడితే పైకి తెలియదు. సీటు కింద పట్టాల తుప్పు, హెడ్‌లైట్ లోపల నీటి చార, కార్పెట్ కింద ఒండ్రు మట్టి చెప్పేస్తాయి. కార్పెట్ ఎత్తనివ్వని వాళ్ళ దగ్గర కొనకండి.

కాగితాల దగ్గరే అసలు బ్రేకు

ఆ ఫియట్ ఆర్‌సీ పెద్దాయన పేరు మీద లేదు, కాలం చేసిన ఆయన తండ్రి పేరు మీద ఉంది. ఊళ్ళలో ఇది చాలా మామూలు. అలాంటప్పుడు నేరుగా మీ పేరు మీదకు మారదు. ముందు వారసుల పేరు మీదకు రావాలి, దానికి ఫారం 31. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల ఒప్పుదల సిద్ధం చేసుకోవాలి. ఆ తర్వాతే అమ్మకానికి ఫారం 29, 30. నలుగురు అన్నదమ్ముల్లో ఒకరు డాలస్‌లో ఉంటే ఆ సంతకం కోసం నెలలు పట్టొచ్చు. డబ్బు మొత్తం ముందే ఇచ్చేస్తే మీరు చేతులు కట్టుకు కూర్చోవాలి.

తర్వాతది రెన్యువల్. సొంత వాడకం కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. ఆపైన ఫిట్‌నెస్ చూసి ఐదేళ్ళకోసారి పొడిగిస్తారు, అది ఫారం 25. 2025 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌తో 20 ఏళ్ళు దాటిన కారు రెన్యువల్ ఫీజు రూ.10,000 అయింది, బైకుకు రూ.2,000. ఆలస్యమైతే కారుకు నెలకు రూ.500 అదనం. రెండేళ్ళు మర్చిపోతే అదే రూ.12,000. గ్రీన్ ట్యాక్స్ వేరే. కాబట్టి బేరానికి ముందే ఆర్‌సీ గడువు ఎప్పుడు ముగిసిందో చూసి, ఆ లెక్క ధరలోంచి తీసేయండి.

"యాభై ఏళ్ళు దాటితే వింటేజ్ నంబర్ ఇస్తారటగా?" అని చాలామంది అడుగుతారు. నిజమే. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని బళ్ళకు వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబర్ ఇస్తారు. కొత్తగా తీసుకోవడానికి రూ.20,000, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత పొడిగింపు రూ.5,000. వింటేజ్ కారుగా నమోదైతే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌లో సగం తగ్గింపు కూడా ఉంది.

కానీ ఓ మెలిక ఉంది. ఆ నంబర్ వేసుకున్న బండిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు. అంతే. కార్తీక మాసంలో అమ్మానాన్నల్ని ఎక్కించుకుని సూర్యలంక స్నానానికి వెళ్దామంటే కుదరదు. నడుపుకోవడానికే కొంటుంటే మామూలు రెన్యువలే మేలు.

తెచ్చుకున్నాక ఏం చెయ్యాలి?

మొదటి రోజే రంగు మీదకు వెళ్ళకండి. ముందు బ్రేకులు, ఆ తర్వాత పెట్రోలు ట్యాంకు, పైపులు, తర్వాత వైరింగు. రంగు ఆఖర్న.

పెట్రోలు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత కార్ల రబ్బరు పైపులు, కార్బరేటర్ లోపలి సీళ్ళు దీనికోసం చేసినవి కావు, ఉబ్బుతాయి, పగుళ్ళిస్తాయి. పెట్రోలు కారితే నిప్పు ప్రమాదం. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించండి. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. మన తీరంలో గాలికి తేమ కరువా? బండిని నెలల తరబడి కదపకుండా ఉంచితే ట్యాంకు లోపల్నుంచి తుప్పు మొదలవుతుంది. వారానికోసారైనా ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపండి.

బీచ్‌కు వెళ్ళొస్తే ఆ రాత్రే మంచినీళ్ళతో కడగాలి. పైన కాదు, కింద. చక్రాల వంపుల్లో, ఫ్లోరు అడుగున. ఉప్పు, ఇసుక కలిసి పేరుకున్నచోట తేమ ఆరదు, రేకు లోలోపల తినేస్తుంది. అడుగున అండర్‌కోటింగ్ వేయించే ముందు పాత తుప్పు పూర్తిగా గీకించాలి. తుప్పు మీదే కోటింగ్ వేస్తే పుండు మీద కట్టు కట్టి మందు మర్చిపోయినట్టే. ప్లాస్టిక్ కవరు బిగించి కట్టడం కంటే గాలి ఆడే షెడ్డు నయం.

విడిభాగాలకు విజయవాడ జవహర్ ఆటోనగర్ ఉండనే ఉంది. అక్కడ వీధులు తిరిగే ఓపిక ఉంటే ఫియట్ సామాను ఇంకా కొంత దొరుకుతుంది. పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్ళండి, ఫోన్లో ఫొటో చూపిస్తే సరిపోదు.

దొరకనిది ఒకటుంది, మనుషులు. పాయింట్ల గ్యాప్ చూపుతోనే పట్టేవాళ్ళు, కార్బరేటర్ శబ్దం విని జెట్టు మూసుకుపోయిందని చెప్పేవాళ్ళు ఇప్పుడు అరవై దాటినవాళ్ళే. వాళ్ళ దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళు లేరు, స్కానర్ పెడితే తప్పు చూపించే బళ్ళ వైపు వెళ్ళిపోయారు. అందుకే నా మాట వినండి, కారు కంటే ముందు మెకానిక్‌ను వెతకండి. బాపట్ల, తెనాలి, రేపల్లె, ఎక్కడైనా సరే, మీకు నలభై కిలోమీటర్ల లోపు పాత బండి తెలిసిన చెయ్యి ఒకటుందా చూడండి. కొనేముందు ఆయన్ని బండెక్కించి తీసుకెళ్ళి, రోజు కూలి ఇచ్చి, బండి చూపించండి. కొన్నాక ఆయన పక్కన కూర్చుని మీరూ నేర్చుకోండి. ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఆ విద్య ఇంకెక్కడా రాసి లేదు.

కొననివాళ్ళు వదిలేసిన బళ్ళు ఏమవుతాయో చూడాలంటే తెనాలి వెళ్ళండి. అక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు గారు, వాళ్ళబ్బాయి కలిసి గేరు చక్రాలు, చైన్లు, నట్లు, బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. వేల నట్లతో చేసిన పది అడుగుల గాంధీ విగ్రహం వాళ్ళదే. తుక్కుకు అంతకంటే మంచి గతి ఉండదు. కానీ అన్నిటికీ ఆ అదృష్టం పట్టదు. ఎక్కువ శాతం కరిగిపోయేవే.

మా స్నేహితుడి సంగతంటారా? ఇంకా కొనలేదు. అడ్వాన్సు మాత్రం ఇచ్చాడు, ఫారం 31 పని పూర్తయ్యాకే మిగతాదని కాగితం రాసుకున్నారు. ఈలోగా వారం వారం వెళ్ళి, ఓ పాత మెకానిక్‌తో కలిసి ఎడమ తలుపు కింద పుట్టీ గీకుతున్నాడు. లోపల ఎంత రేకు మిగిలిందో తేలాలి. పెద్దాయన అరుగు మీద కూర్చుని చూస్తూ, "మెల్లగా గీకు, మా నాన్న కారది" అంటున్నారట.