ఒక సీసా, నాలుగు సూదులు

జూలై 6, 2025, ఆదివారం
ఆషూరా, మొహర్రం పదో రోజు. బీబీకా ఆలావా నుంచి ఆలం ఊరేగింపు బయల్దేరింది. దబీర్‌పురా అంతా నల్లబట్టలే. సంతాపంగా చేసే మాతంలో రక్తం చిందినవాళ్లకు అక్కడికక్కడే కట్టు కట్టేవాళ్లున్నారు. నలుగురిలో కారే రక్తానికి నలుగురూ తోడుంటారు. తలుపేసుకుని నరంలోకి మందెక్కించుకునేవాడికి ఎవరుంటారు? పక్కవాడి సూదే దిక్కు.

జూలై 9
జిమ్ కుర్రాళ్లకు అమ్మే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లు పట్టుబడ్డాయన్నది హైదరాబాద్ నగరంలో పాతబడిన వార్త. ఆపరేషన్ బల్ల మీద పడిపోయే బీపీని నిలబెట్టే మందది; డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. వార్తలో సీసాల లెక్క ఉంటుంది, ముసుగులేసిన నిందితుల ఫొటో ఉంటుంది. సీసా ఎలా ఖాళీ అవుతుందో ఉండదు. పది మిల్లీలీటర్ల సీసా ఒక్కడే ఒక్కసారిగా ఎక్కించుకునేది కాదు, నలుగురు పంచుకుంటారు. వాళ్లలో ఒక్కడు వాడిన సూదిని మళ్లీ ముంచాడా, మిగతా ముగ్గురూ కొత్త సూదులు తెచ్చుకున్నా ఒకటే, తేకపోయినా ఒకటే. ‘సూది మార్చుకోండి’ అని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. సీసా, దూది, కలిపే నీళ్లు, ఏవీ పంచుకోకూడదు.

జూలై 10
స్టేషన్ దగ్గర ఒక కుర్రాడు: “మెడికల్ షాపుల ఒక్క సిరంజి ఇమ్మంటే దొంగను చూసినట్టు చూస్తున్రన్నా. అందుకే ఉన్నదాన్నే వేడినీళ్లతో కడుగుతున్నం.”
కడిగితే పోయేది మరకే. గది వేడిమిలో పడేసిన సిరంజిలో హెపటైటిస్ సి వైరస్ 63 రోజుల దాకా బతికి ఉండగలదని ప్రయోగశాలలో తేలింది.


 

జూలై 23
కామెర్లనగానే మన ఇళ్లలో ముందు పసరు మందు మాటే వస్తుంది. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ రకం చాలామందికి దానంతటదే తగ్గుతుంది, పేరు పసరుకు దక్కుతుంది. సి రకం అలా కాదు. కళ్లు పచ్చబడకుండానే ఏళ్ల తరబడి కాలేయాన్ని తినేస్తుంది. పసరు పోయించుకోవడానికి గుర్తే కనబడదు.

జూలై 28
హెపటైటిస్ దినం. సూదులతోనూ సోకే బి వైరస్‌ను కనిపెట్టిన బ్లమ్‌బర్గ్ పుట్టినరోజు ఇదే. బి టీకాను జన్యుసాంకేతికతతో మన దేశంలో మొదట తయారుచేసింది ఈ నగరంలోనే: వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్, 1997లో. బి టీకా పిల్లల టీకాల్లో చేరి దేశమంతటికీ అందింది 2011 నాటికి. జిమ్‌లో బరువులెత్తుతున్నవాళ్లు చాలామంది అంతకు ముందు పుట్టినవాళ్లే. మూడు డోసుల పని, వాళ్లను పిలిచి వేయాలి.

సి రకానికి టీకా లేదు, మాత్రలున్నాయి. సాధారణంగా పన్నెండు వారాలు వాడితే నూటికి తొంభై అయిదుగురికి పైగా నయమవుతుంది. 2018లో ఇదే రోజున మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వమే పరీక్ష, మందు ఉచితంగా ఇస్తోంది. అయితే నయమైనవాడు మళ్లీ అదే సీసా దగ్గర కూర్చుంటే జబ్బు మళ్లీ వస్తుంది. హెచ్‌ఐవీ నివారణ కోసం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) కొత్త సూదులు పంచుతోంది, నల్లమందు జాతి మత్తుకు బదులు నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ ఇస్తోంది. సూదులిస్తే అలవాటు పెరుగుతుందనేవాళ్లకు నా జవాబు: అలవాటు ముందే ఉంది, పెరుగుతున్నది జబ్బే.

మెడికల్ షాపు అన్నలూ, సిరంజి అమ్మడానికి డాక్టరు చీటీ అక్కర్లేదు. అడిగినవాణ్ని ఎందుకని నిలదీయకుండా ఇచ్చేయండి. వీలైతే పరీక్ష ఎక్కడ చేస్తారో కూడా చెప్పండి.