ఓరుగల్లులో పాత పెట్టెకు కొత్త ‘జ్ఞాపకం’

కాజీపేట జంక్షన్‌లో రైలు దిగి హన్మకొండ వైపు ఆటో ఎక్కితే దారి పొడవునా చదువుల వాతావరణమే. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్ఈసీ 2002లో ఎన్ఐటీ అయింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. మడికొండలో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ సంస్థల ప్రాంగణాలు మొదలయ్యాయి. ఇన్ని చదువులున్న ఊళ్లో జిరాక్స్ సెంటర్లకు, డీటీపీ షాపులకు, కంప్యూటర్ రిపేరు దుకాణాలకు కొదవేముంటుంది? హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల సందుల్లోకి తొంగిచూస్తే, మూత విప్పిన సీపీయూల ముందు స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్న కుర్రాళ్లు కనిపిస్తారు.

కొత్త కంప్యూటర్ కొనే స్తోమత లేక కొందరు, కొనాల్సిన అవసరం లేక మరికొందరు వీళ్ల దగ్గరికి వస్తుంటారు. అందరిదీ ఒకటే కోరిక... ‘కాస్త ర్యామ్ పెంచి స్పీడు చెయ్యి తమ్మీ!’

పెళ్లిళ్ల సీజన్‌లో మొరాయిస్తే...

శుభలేఖలు వేసే ఓ డీటీపీ షాపు యజమానినే తీసుకోండి. ఆయన చేతికి అలవాటైంది పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్. ఏళ్లనాటి డిజైన్లన్నీ విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత పెట్టెలోనే ఉన్నాయి. మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. ఫైలు తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు! ఉన్నది ఒక్క జీబీ ర్యామ్ మరి. ఎవరో చెప్పారని 4 జీబీ స్టిక్ ఒకటి తెప్పించి ఖాళీ స్లాట్‌లో పెట్టారు. ఇంకేముంది, తెర నల్లబడింది. లోపలి నుంచి ‘బీప్... బీప్’మని చప్పుడు.

‘‘కొత్తదే తమ్మీ, పెడితే డిస్‌ప్లే వస్తలేదు. పొద్దటికి కార్డులియ్యాలె’’ అంటూ పెట్టెను చంకన పెట్టుకుని వస్తారాయన.

‘‘ఆగన్నా, జర చూద్దాం’’ అంటూ కుర్రాడు ముందు కరెంటు తీగ పీకుతాడు. చేతిని క్యాబినెట్ ఇనుముకు తాకిస్తాడు. ఒంట్లోని స్టాటిక్ విద్యుత్తు చిప్పులను పాడుచేయకుండా ఈ జాగ్రత్త. పాత స్టిక్ బంగారు రంగు అంచుల్ని పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి ఒక్కదాన్నే పెడతాడు. కంప్యూటర్ లేస్తుంది. అంటే బోర్డు బాగానే ఉందన్నమాట. కొత్తదాన్ని రెండు స్లాట్లలోనూ మార్చి మార్చి చూస్తాడు. ఊహూ!

గాటు చెప్పే గుట్టు

ర్యామ్ అంతా ఒకేలా కనిపిస్తుంది కానీ తరం తరానికీ తేడా ఉంది. డీడీఆర్‌కు 184 పిన్నులు, డీడీఆర్2, డీడీఆర్3లకు 240, డీడీఆర్4, డీడీఆర్5లకు 288. పిన్నుల లెక్క ఒకటైనా అంచున ఉండే గాటు మాత్రం ఒక్కోదానికి ఒక్కో చోట ఉంటుంది. ఒక తరందాన్ని మరో తరం స్లాట్‌లో పెట్టకుండా చేసిన ఏర్పాటది. విద్యుత్తు కూడా వేరే. డీడీఆర్2కు 1.8 వోల్టులు కావాలి, డీడీఆర్3కి 1.5, డీడీఆర్4కి 1.2 చాలు. కాబట్టి ఇరుక్కుంటే బలంగా నొక్కకూడదు. బోర్డుకే ముప్పు!

ఎనిమిదా, పదహారా?

మన డీటీపీ షాపు స్టిక్ గాటు కుదిరింది, తరమూ డీడీఆర్3యే. మరెందుకు పనిచేయలేదు? కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి నల్లటి చిప్పుల్ని లెక్కపెడతాడు. ఒకవైపే ఎనిమిది! అసలు తిరకాసు ఇక్కడే. 4 జీబీని ఎనిమిది చిప్పుల్లో సర్దితే ఒక్కోదానిలో 512 ఎంబీ ఉంటుంది. ఇంటెల్ జీ41 లాంటి పాత చిప్‌సెట్‌కు అంత సాంద్రత ఉన్న చిప్పును చదవడం తెలియదు. అదే 4 జీబీ రెండు వైపులా కలిపి పదహారు చిప్పుల్లో ఉంటే చదవగలదు. స్టిక్ చెడిపోలేదు, బోర్డూ చెడిపోలేదు. జత కుదరలేదంతే!

చివరికి కుర్రాడు పదహారు చిప్పులున్న 2 జీబీ సెకండ్‌హ్యాండ్ స్టిక్ పెడతాడు. పాతదానితో కలిపి 3 జీబీ. ‘‘నాలుగు చెయ్యరాదు?’’ అంటే ‘‘ఎక్స్‌పీకి దండుగన్నా’’ అంటాడు. నిజమే. 32 బిట్ విండోస్‌లో 4 జీబీ పెట్టినా వాడుకోగలిగేది మూడు, మూడున్నర మధ్యే. రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టి తప్పుల్లేవని తేలాకే పెట్టె ఇస్తే ఇంకా నిశ్చింత. ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014లోనే ఆగిపోయాయి కనుక ఆ పెట్టెను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచడమే క్షేమం.

కొనేముందు...

పాత స్టిక్ తీసి వెంట తీసుకెళ్లండి. బోర్డు మోడల్ నంబరు రాసుకుని, గరిష్ఠంగా ఎంత ర్యామ్ తీసుకుంటుందో తయారీదారు మాన్యువల్‌లో చూడండి. వేగాలు వేరైన రెండు స్టిక్‌లు పెడితే సాధారణంగా రెండూ తక్కువ వేగంతోనే నడుస్తాయి. తొమ్మిదో, పద్దెనిమిదో చిప్పులుంటే అది సర్వర్ సరుకు కావచ్చు, అడిగి తీసుకోండి. ల్యాప్‌టాప్ స్టిక్‌లు పొట్టివి, డెస్క్‌టాప్‌కు సరిపోవు. కొన్ని ల్యాప్‌టాప్‌లు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్‌నే ఒప్పుకుంటాయి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు కూడా ముగిసింది. ఇలాంటి పెట్టెల్ని పారేయాలా, ఉంచుకోవాలా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఉంది.

దుకాణం నుంచి నాలుగడుగులు వేస్తే 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడి. అక్కడి కల్యాణ మంటపాన్ని విప్పదీసి, రాళ్లకు అంకెలు వేసి, ఏది ఎక్కడిదో చూసి మళ్లీ పేర్చారు. 2024 మార్చిలో అది భక్తులకు అందుబాటులోకి వచ్చింది. పాతదాన్ని నిలబెట్టాలంటే బలం కాదు, ఓపిక కావాలి. ఏ రాయి ఎక్కడ ఒదుగుతుందో తెలియాలి. ఆ మాట గుడి పక్క సందులో ర్యామ్ తుడిచే కుర్రాడికి బాగా తెలుసు!