రెండు వేల కిలోమీటర్ల పొరుగు



ఈసారి మోడల్ యుఎన్‌లో మా అమ్మాయికి కిరిబాటి దేశం వచ్చింది. తను ఎనిమిదో తరగతి. చీటీ తెచ్చిన రోజు మొహం ముడుచుకుని కూర్చుంది. "అందరికీ అమెరికా, జపాన్, ఫ్రాన్స్ వచ్చాయి నాన్నా. నాకేమో ఎవరికీ తెలియని దేశం" అంది. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. మేం పేరు పలుకుతున్న తీరే తప్పని ఆ రాత్రి తెలిసింది. రాసేది కిరిబాటి అని అయినా, అక్కడి వాళ్ళు కిరిబాస్ అని పలుకుతారు.

టీచర్ ఇచ్చిన పని చిన్నదే. పొరుగు దేశంతో మీ దేశానికి ఉన్న స్నేహం గురించి మూడు నిమిషాలు మాట్లాడాలి. పాప ఫిజీని ఎంచుకుంది. మ్యాప్ తెరిచి చూశాం. కిరిబాస్ రాజధాని తరావా నుంచి ఫిజీ రాజధాని సువాకు రెండు వేల కిలోమీటర్లకు పైనే. ఇంచుమించు ఢిల్లీ నుంచి కన్యాకుమారికి ఉన్నంత దూరం. మధ్యలో టువాలు అనే ఇంకో బుల్లి దేశం కూడా ఉంది. "ఇంత దూరంలో ఉంటే పొరుగెలా అవుతుంది?" అని నేనన్నాను. పసిఫిక్‌లో అదే పొరుగని చదవగా చదవగా అర్థమైంది. తరావా నుంచి బయటి ప్రపంచానికి వెళ్ళాలంటే ముఖ్యమైన విమానం ఫిజీకే. పెద్ద చదువులకు 1968లో మొదలైన యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్ పసిఫిక్ ఉంది. 12 దేశాలు కలిసి నడుపుకునే ఆ యూనివర్సిటీ ప్రధాన క్యాంపస్ సువాలో ఉంటే, ఒక క్యాంపస్ తరావాలో ఉంది.

కిరిబాస్ 33 దీవుల దేశం. జనాభా లక్షా ఇరవై వేలకు దగ్గర. దాదాపు అన్నీ పగడపు దీవులే. చాలాచోట్ల నేల సముద్రం కంటే రెండు మూడు మీటర్ల ఎత్తు మాత్రమే. సముద్రం పెరిగితే ముందు పాడయ్యేది మంచినీళ్ళ బావి. ఇల్లు మునగడం ఆ తర్వాతి సంగతి.

2014లో కిరిబాస్ ప్రభుత్వం ఫిజీలోని వనువా లెవు దీవిలో ఐదున్నర వేల ఎకరాలకు కొంచెం తక్కువగా భూమి కొంది. అప్పటి అధ్యక్షుడు అనోటే టోంగ్. ఆంగ్లికన్ చర్చి దగ్గర కొన్నారు. ఫిజీలో ఎనభై శాతానికి పైగా భూమి అక్కడి మూలవాసుల ఉమ్మడి సొత్తు. దాన్ని కౌలుకు ఇస్తారు కానీ అమ్మరు. అమ్మకానికి దొరికే కొద్దిపాటి భూమిలోది ఇది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫిజీ అధ్యక్షుడు రాతు ఎపేలి నైలాతికావ్ తరావా వెళ్ళి, అవసరం వస్తే కిరిబాస్ ప్రజలకు ఫిజీలో చోటుంటుందని మాటిచ్చారు.

పాప ఇదంతా రాసుకుని, హాల్లో గట్టిగా చదివి ప్రాక్టీస్ చేస్తోంది. "ఫిజీ పెద్ద మనసుతో ఆదుకుంది, కిరిబాస్ ఎప్పటికీ రుణపడి ఉంటుంది" అని ముగించింది. నేను చప్పట్లు కొట్టాను. మంచం మీద కూర్చుని వింటున్న మా అమ్మ మాత్రం, "ఆ భూమిలో అంతకుముందు ఎవరూ లేరా?" అని అడిగింది.

మా అమ్మ ఊరు కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉండేది. 1981లో శ్రీశైలం జలాశయం నీళ్ళలో పోయింది. ఎండాకాలంలో నీళ్ళు తగ్గితే గుడి మెట్లు బయటపడతాయని చెప్తుంది కానీ, అంతకుమించి ఎప్పుడూ మాట్లాడదు. నేనూ ఎన్నడూ అడగలేదు.

ఆమె ప్రశ్నకు జవాబు వెతికాం. ఉన్నారు. 19వ శతాబ్దంలో తోటల్లో పనికి సోలమన్ దీవుల నుంచి తెచ్చిన కూలీల వారసులు ఆ భూమిలోనే నవియావియా అనే ఊళ్ళో ఉంటున్నారు. వాళ్ళకని కొంత భూమి విడిగా ఉంచారు. అది తమకు చాలదని వాళ్ళ బాధ. పాప కాగితంలో వాళ్ళ ప్రస్తావనే లేదు.

"ఇట్లా పోయినోళ్ళు అంతకుముందు కూడా ఉన్నారా?" అని అమ్మే మళ్ళీ అడిగింది. దానికీ జవాబు దొరికింది. కిరిబాస్‌లో బనాబా అనే దీవి ఉంది. 1900 నుంచి ఎరువుల కోసం బ్రిటిష్ కంపెనీ అక్కడి ఫాస్ఫేట్ మట్టిని తవ్వుకుపోయింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, అక్కడి వాళ్ళను సొంత దీవికి కాకుండా ఫిజీలోని రాంబి దీవికి చేర్చారు. 1945 డిసెంబరు 15న సుమారు వెయ్యి మంది అక్కడ దిగారు. ఆ దీవిని కొన్నది కూడా వాళ్ళ ఫాస్ఫేట్ డబ్బుతోనే. ఇచ్చింది గుడారాలు, రెండు నెలలకు సరిపడా సరుకులు. అది తుఫానుల కాలం.

"వానల్లోనే మేమూ ఎడ్లబండి ఎక్కింది" అంది అమ్మ. ఆ తర్వాత చాలాసేపు చెప్పింది. కొత్త చోట రేకుల కింద మొదటి ఏడాది ఎలా గడిచిందో, పక్క ఊరి వాళ్ళు తమ బావిలో నీళ్ళు ఎలా తోడుకోనిచ్చారో. రెండో ఏడు నీళ్ళు తగ్గాయి. మాటా మాటా పెరిగి, "వచ్చినోళ్ళు" అన్న మాట పడింది. ఆ మాటతో మావాళ్ళు బావి దగ్గరికి వెళ్ళడమే మానేశారట. రెండు మైళ్ళు నడిచి వాగు నీళ్ళు మోసుకున్నారు. నెల తర్వాత ఆ ఊరి పెద్దాయన పొద్దున్నే వచ్చి మా తాత గుమ్మంలో కూర్చున్నాడు. "మా నోరు జారింది. ఆడోళ్ళను బావికి పంపు రెడ్డీ" అన్నాడు. "ఆయన రాకుంటే మేం పోయేవాళ్ళం కాదు. నీళ్ళు లేకున్నా పోయేవాళ్ళం కాదు" అంది అమ్మ.

నలభై ఏళ్ళకు పైబడిన సంగతి. నేను వినడం అదే మొదలు.

ఆ రాత్రి పాప తన కాగితాన్ని మొదటి నుంచి తిరగరాసింది. అంతకుముందు వద్దనుకుని పక్కన పెట్టిన ఒక విషయాన్ని మళ్ళీ తెచ్చుకుంది. 2021లో పసిఫిక్ దీవుల ఫోరం ప్రధాన కార్యదర్శి ఎన్నిక మీద గొడవ వచ్చింది. ఈసారి వంతు తమదేనని ఒప్పందం ఉందని మైక్రోనేసియా దేశాలు అన్నాయి. పదవి వేరేవారికి వెళ్ళింది. 2022 జులైలో, సరిగ్గా సువాలో సమావేశాలు జరగబోయే ముందు, కిరిబాస్ ఫోరం నుంచి తప్పుకుంది. ఆతిథ్యమిచ్చేది ఫిజీ, అప్పటి అధ్యక్ష స్థానమూ ఫిజీదే.

ఆ డిసెంబరులో సితివేని రబుకా ఫిజీ ప్రధాని అయ్యారు. 2023 జనవరిలో ఆయన స్వయంగా తరావా వెళ్ళారు. సంప్రదాయ పద్ధతిలో క్షమాపణ చెప్పారు. అదే నెలాఖరులో కిరిబాస్ తిరిగి వస్తున్నట్టు ప్రకటించింది. జనాభాలో ఫిజీ ఏడెనిమిది రెట్లు పెద్దది. అయినా విమానం ఎక్కింది ఫిజీ ప్రధానే.

ఇంకొకటి కూడా చేర్చింది. రాంబిలో ఉన్న బనాబా వాళ్ళు ఫిజీ పౌరులే, అయినా కిరిబాస్ పార్లమెంటులో వాళ్ళకు ఒక సీటుంది. వెళ్ళిన చోట నిలబడనిచ్చారు, వదిలిన చోట కుర్చీ తీసెయ్యలేదు. ఇక కొన్న భూమి విషయానికొస్తే, 2016లో వచ్చిన అధ్యక్షుడు తనేతి మమావు, వెళ్ళిపోవడం కంటే ఉన్న దీవులనే నిలబెట్టుకోవాలన్నారు. ఆ భూమిలో పంటలు పండించే మాటే ఇప్పుడు వినిపిస్తోంది. పోవాలో ఉండాలో తేల్చుకోవాల్సింది వాళ్ళే.

పాపకు బహుమతి రాలేదు. టైమ్ నలభై సెకన్లు దాటింది, అందుకు మార్కులు తగ్గాయి. "ఎప్పటికీ రుణపడి ఉంటుంది" అన్న వాక్యం మాత్రం తీసేసింది. ఎందుకని అడిగితే, "అవ్వ ముందర అది చదవలేను నాన్నా" అంది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఇలాంటి ప్రాజెక్టులు వచ్చినప్పుడు మనం ప్రింట్ షాపుకు పరుగెత్తుతాం, చార్టు ఎలా ఉండాలో చెప్తాం. ఈసారి కాగితాన్ని ముందు ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించమనండి. వాళ్ళకు ఆ దేశం పేరు తెలియకపోవచ్చు. మా అమ్మ ఇప్పటికీ కిరిబాస్‌ను "ఆ నీళ్ళ దేశం" అనే అంటుంది. కానీ అడగాల్సిన ప్రశ్న ఆ ఇంట్లో ఆమెకే తెలిసింది.

వచ్చే వేసవిలో నీళ్ళు తగ్గితే గుడి మెట్లు చూపిస్తానని పాపకు మాటిచ్చింది. ముగ్గురం వెళ్తున్నాం.